'పడలేదు' అనే మాటకు ఒక టీకా

తెలుగులో 'పడలేదు' అనే మాట మోసినంత బరువును మరే మాటా మోయదేమో. వంకాయ కొందరికి పడదు. కొత్త ఊరి నీళ్ళు పడవు. అన్నదమ్ములకు పడదు. ఒక్కొక్కప్పుడు కట్టుకొన్న ఇల్లే పడదు. అట్లే బిడ్డకు సూది వేయించిన రాత్రి ఒళ్ళు కాలిపోతే "టీకా పడలేదు" అని తేల్చివేస్తాము. మా ఇండ్లలో ఉర్దూలో మాట్లాడుకొనేటప్పుడు "రియాక్షన్ హో గయా" అంటాము. భాష మారినది గాని భావము మారలేదు. జ్వరము, తొడ వాపు, ఆగని ఏడుపు, ఫిట్సు, కళ్ళు తిరిగి పడిపోవుట, దద్దుర్లు, ఊపిరి అందకపోవుట, ఇవన్నీ ఆ ఒక్క మాట మూటలోనే ఒదిగి ఉంటవి.

టీకా అనే మాటకు కూడా మనకు రెండర్థములున్నవి. శ్లోకమునకు వ్రాసే వ్యాఖ్య ఒక టీకా. బిడ్డకు వేయించే సూది మరొక టీకా. ఇప్పుడు మేము వ్రాయబోయేది రెండవ రకపు టీకాను గూర్చి మొదటి రకపు టీకా. పండితులము గాము, వైద్యులము అంతకంటె గాము. అయినా ఆ మూటను విప్పి, లోపల ఏది జ్వరమో, ఏది భయమో, ఏది నిజమైన అలర్జీయో వేరు చేసి చూడవలసిన అగత్యము 2018లో మా ఇంటికి వచ్చినది.

మా అబ్బాయికి అప్పుడు పదహారు నెలలు. ఆ వయస్సున పిల్లలకు తట్టు, రుబెల్లాలకు ఎం.ఆర్. టీకా రెండవ మోతాదు కుడి భుజమునకు, డి.పి.టి. బూస్టరు తొడకు వేస్తారు. పోలియో చుక్కలు, విటమిన్ ఏ ద్రావకము నోటిలో పోస్తారు. అన్నీ ఒకే పూట. కర్నూలులో మా పేటకు దగ్గరనున్న కేంద్రములో ఆనాడు నర్సమ్మ అవన్నీ ముగించి, కార్డు మీద తారీఖులు వ్రాసి, "అరగంట కూర్చొని వెళ్ళండి" అన్నది. కూర్చొనుటకు బెంచీ లేదు. వచ్చిన తల్లులలో సగము మంది అప్పటికే ఆటో ఎక్కినారు. మా అమ్మీ మాత్రము వేపచెట్టు క్రింద చాప పరచుకొని, మనుమని ఒడిలో వేసుకొని కూర్చున్నది. ఆమెకు వైద్యశాస్త్రము తెలియదు. పెద్దమనిషి చెప్పిన మాట వినవలెనన్న మర్యాద తెలుసును.

పది పన్నెండు నిమిషములు గడిచినవో లేదో, పిల్లవాడు మెడ గోక్కొనసాగినాడు. చొక్కా ఎత్తి చూస్తే పొట్టమీద ఎర్రని దద్దుర్లు. అటుపిమ్మట పెదవులు ఉబ్బినవి. రెండుసార్లు వాంతి అయినది. ఏడుపు గొంతు బొంగురుపోయి, దగ్గు మొదలైనది. నర్సమ్మ పరుగున వచ్చి, బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, కాళ్ళు ఎత్తుగా పెట్టించి, ఒక చిన్న పెట్టె తెరిచినది. అందులోని అడ్రినలిన్ మందును తొడ కండరములోనికి ఎక్కించినది. పది కిలోల బిడ్డకు ఆ మందు మిల్లీలీటరులో పదవ వంతు మాత్రమే. సిరంజిలో సరిగా కనిపించనైనా కనిపించదు. అయిదు నిమిషములు తిరగకముందే పిల్లవాని ముఖమునకు రంగు వచ్చినది. తరువాత 108 వాహనము, ఆసుపత్రి, ఒక రాత్రి పరిశీలన. తగ్గిన ప్రతిచర్య కొన్ని గంటలకు మరల తిరిగి రావచ్చును గనుక ఆ ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంచుట అవసరమట.

మరునాడు ఇంటికి పంపించునప్పుడు ఆ ఆసుపత్రివారు ఇచ్చిన చీటీలో ఒకే వాక్యమున్నది: టీకా రియాక్షన్, ఇకమీదట టీకాలు వద్దు. ఏ టీకా? దానిలోని ఏ పదార్థము? ఆ పూట పిల్లవానికి వేసినవి రెండు సూదులు. దోషి వాటిలో ఎవరో విచారింపకనే రెంటికీ, రాబోయేవాటికి కూడా శిక్ష పడినది. ఒక విందులో ఒక కూర తిని ఒళ్ళంతా దురద పెడితే ఆ కూర ఏదో కనుక్కొంటాము గాని, జన్మలో అన్నమే ముట్టనని ఒట్టు పెట్టుకోము గదా.

ఆ చీటీ మా ఇంటిలో చాలా కాలము పెత్తనము చేసినది. పిల్లవానికి అయిదేండ్లకు డి.పి.టి. రెండవ బూస్టరు, పదేండ్లకు, పదహారేండ్లకు టి.డి. రావలసియున్నవి. ఇవి మానుకొంటే కంఠసర్పి, ధనుర్వాతము, కోరింతదగ్గులకు అతనిని వదలివేసినట్లే. మా ఫుఫుజాన్ "బతికి బయటపడినాడు, అల్లాకు శుక్రియా చెప్పుకొని ఊరకుండండి" అన్నది. ఆమె మాటలో ప్రేమయే గాని తప్పు లేదు. ఆ గొంతు బొంగురు విన్నవారెవరైనను అట్లే అంటారు. మేమును రాత్రులు దీపమార్పిన తరువాత అదే అనుకొన్నాము. తెల్లవారిన తరువాత మాత్రము చీటీలోని ఆ వాక్యము అసంపూర్ణముగా కనిపించేది.

చదువుకొన్నవారికి సందేహము వస్తే చేయగలిగినది పుస్తకములు తిరగవేయుటే. మేమును అదే చేసినాము. అందులో మాకు విచిత్రముగా తోచిన సంగతి ఏమనగా, అలర్జీ అనే మాట పుట్టినదే పిల్లల ఆసుపత్రిలో. వియన్నా నగరములో క్లెమెన్స్ ఫన్ పిర్కే అనే పిల్లల వైద్యుడుండేవాడు. ఆ రోజులలో కంఠసర్పి వంటి జబ్బులకు గుర్రపు రక్తము నుండి తీసిన సీరమును పిల్లలకు ఎక్కించేవారు. మొదటిసారి ఎక్కించినప్పుడు వారము పది దినములకు గాని రాని జ్వరము, దద్దుర్లు రెండవసారి ఎక్కించిన వెంటనే వచ్చుట ఆయన, ఆయన సహచరుడు బేలా షిక్ గమనించి 1905లో గ్రంథము వ్రాసినారు. మశూచి టీకాను మరల వేసినప్పుడు కూడా చర్మము మొదటిసారికంటె త్వరగా స్పందించుట పిర్కే చూచినాడు. శరీరము ఒకసారి కలిసిన వస్తువును గుర్తుంచుకొని రెండవసారి వేరు తీరుగా స్పందిస్తుంది. ఆ మారిన స్పందనకు 1906లో గ్రీకు మాటలు కలిపి ఆయన పెట్టిన పేరు అలర్జీ.

అంతకు నాలుగేండ్ల ముందు ఫ్రాన్సులో షార్ల్ రిషే, పాల్ పోర్తియే అనేవారు సముద్రపు ఎనిమోన్ అనే ప్రాణి విషమును కుక్కలకు కొద్దికొద్దిగా ఇచ్చి, వాటికి ఆ విషమునుండి రక్షణ కల్పించవచ్చునా అని పరీక్షించినారు. మొదటి మోతాదును తట్టుకొన్న కుక్క, మూడు వారాలు పోయిన తరువాత అత్యల్పమైన రెండవ మోతాదుకే నిమిషములలో చనిపోయినది. రక్షణ కోరి చేసిన పని రక్షణకు విరుద్ధమైనది గనుక ఆ అర్థము వచ్చునట్లు 1902లో అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టినారు. రిషేకు 1913లో నోబెల్ బహుమానము వచ్చినది. మా అబ్బాయికి వేపచెట్టు క్రింద వచ్చినది ఇదే. దీనిని కేవలము 'పడలేదు' అనుట పులిని పిల్లి అనుటవంటిది. అయితే మా చుట్టుప్రక్కల ప్రతి పిల్లినీ పులి అనుటయే ఎక్కువ.

టీకా అనగా ఒకే వస్తువు గాదు. రోగమును పోలిన అసలు పదార్థముతో పాటు అందులో దానిని చెడకుండ నిలుపునవి, బలము పెంచునవి, తయారీలో మిగిలిపోయినవి లేశమాత్రముగా ఉంటవి. కొన్నింటిలో జెలటిన్, కొన్నింటిలో నియోమైసిన్ వంటి యాంటిబయాటిక్ జాడ, కొన్నింటిలో అల్యూమినియము లవణము. అలర్జీ తరచుగా అసలు పదార్థముకంటె ఈ తోడు వచ్చినవారి వలననే వస్తుంది. పెండ్లిలో గొడవ పెండ్లికొడుకు వలన గాక వెంట వచ్చిన బంధువుల వలన వచ్చినట్లు.

కోడిగ్రుడ్డు సంగతి అందరూ అడుగుతారు. తట్టు, గవదబిళ్ళల వైరస్‌ను కోడిపిండపు కణములలో పెంచే టీకాలున్నవి గనుక గ్రుడ్డు పడని పిల్లలకు ఎం.ఎం.ఆర్. ఇవ్వరాదని చాలాకాలము భయపడినారు. గ్రుడ్డు అలర్జీ గల 54 మంది పిల్లలకు అమెరికాలో ఆ టీకా ఇచ్చి చూడగా ఎవ్వరికీ తీవ్రమైన ప్రతిచర్య రాలేదని 1995లో వైద్యులు ప్రకటించినారు. ఫ్లూ టీకా విషయములో కూడా, గ్రుడ్డు అలర్జీ ఉన్నంతమాత్రాన ప్రత్యేక జాగ్రత్త అక్కరలేదని అమెరికా నిపుణుల సంఘము 2023లో చెప్పినది.

జెలటిన్ కథ వేరు. 1993లో అమెరికాలో ఒక అమ్మాయికి ఎం.ఎం.ఆర్. తరువాత వచ్చిన అనాఫిలాక్సిస్‌కు అందులోని జెలటినే కారణమని తేలినది. అటుపిమ్మట జపానులో ఇట్టివి అనేకము బయటపడినవి. అక్కడ పసిబిడ్డలకు మొదట ఇచ్చే డి.పి.టి. టీకాలలో కొన్నింటిలో జెలటిన్ ఉండేది. దానితో కొందరి శరీరము జెలటిన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకొని, తరువాత తట్టు టీకాలో అది మరల ఎదురుకాగానే తిరగబడినది. కారణము తెలియగానే తయారీదారులు జెలటిన్‌ను తీసివేసినారు, లేదా తక్కువ అలర్జీ కలిగించే రూపములోనికి మార్చినారు. ఆ ప్రతిచర్యలు తగ్గిపోయినవి. టీకాలు మాన్పించి గాదు, దోషిని పేరుతో సహా పట్టుకొని వారు ఈ పని సాధించినారు.

మేము హైదరాబాదులో అలర్జీలు చూచే ఒక పిల్లల వైద్యురాలి వద్దకు పోయినప్పుడు ఆమె మొదట అడిగిన ప్రశ్నతో మాకు కొంత అర్థమైనది. "బాబుకు రంగురంగుల జెల్లీ మిఠాయిలు పెట్టినారా?" పెట్టినాము. రెండుసార్లు పెదవి దురద పెట్టి ఉమ్మివేసినాడు కూడా. ప్రతిచర్య వచ్చి ఆరు వారాలు దాటినదో లేదో లెక్క చూచుకొని ఆమె చర్మపరీక్ష చేసినారు. ఒక చుక్క ఎం.ఆర్. టీకా, ఒక చుక్క డి.పి.టి., ఒక చుక్క ఉప్పునీటిలో కరిగించిన బజారు జెల్లీపొడి. మోచేతి క్రింద వరుసగా పెట్టి, ప్రతి చుక్కమీద సూదిమొనతో చిన్న గిల్లు గిల్లి, పదిహేను నిమిషములు ఆగినారు. ఎం.ఆర్. దగ్గర, జెల్లీపొడి దగ్గర దోమకాటు వంటి పొంగు లేచినది. డి.పి.టి. చుక్క పెట్టినచోట చర్మము నున్నగా ఉన్నది. ఇంకొక పద్ధతిలో మరల చూచినా డి.పి.టి. నిర్దోషియే. ఎం.ఆర్. రెండు మోతాదులూ అప్పటికే పూర్తి అయినవి గనుక దానితో ఇక పని లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. జెలటిన్ అని తెలియగానే బంధువులలో కొందరు, అది పందినుండి తీస్తారు, హరామ్ వస్తువు గనుకనే పిల్లవాని ఒళ్ళు తిరగబడినది అన్నారు. ఈ రెండు సంగతులను కలుపరాదు. జెలటిన్ అలర్జీ గల శరీరమునకు పశువు జెలటిన్ అయినా పంది జెలటిన్ అయినా దాదాపు ఒకటే. దానికి ఫత్వా తెలియదు. ఇక ధర్మసందేహమునకు వస్తే, 1995లో కువైట్‌లో ఇస్లామీయ వైద్యశాస్త్ర సంస్థ సమావేశములో పండితులు, వైద్యులు కూర్చొని, ఒక వస్తువు పూర్తిగా రూపగుణములు మారి మరొక వస్తువైనప్పుడు దాని హుకుం కూడా మారుతుందన్న ఇస్తిహాలా సూత్రము జెలటిన్‌కు వర్తిస్తుందని అభిప్రాయపడినారు. వేరు అభిప్రాయము గల ఆలిములు కూడా ఉన్నారు. వారితో వాదించే విద్య మాకు లేదు. ప్రాణరక్షణ విషయములో షరియత్ చూపిన వెసులుబాటు మాత్రము మా పెద్దలు మాకు చిన్నప్పుడే నేర్పినారు.

నిజమైన అలర్జీని చూచిన తరువాతనే, అలర్జీ గానివి ఎన్ని ఆ పేరుతో తిరుగుచున్నవో మాకు స్పష్టమైనది. కోరింతదగ్గు క్రిమిని సంపూర్ణముగా వాడే డి.పి.టి. సూది తరువాత పిల్లలలో దాదాపు సగము మందికి జ్వరము వస్తుంది. అది శరీరము పాఠము నేర్చుకొనునప్పటి వేడి. సూది గుచ్చినచోట గట్టిపడి నొప్పి పెట్టవచ్చును. అరుదుగా జ్వరముతో ఫిట్సు రావచ్చును. అట్లే అరుదుగా బిడ్డ పాలిపోయి, మెత్తగుడ్డవలె వ్రేలాడి, పిలిస్తే పలుకకుండ కొంతసేపు ఉండి తేరుకొనవచ్చును. చూచే తల్లి గుండె ఆగిపోతుంది. వైద్యునికి చూపవలసినదే. అయినా ఇవి అలర్జీలు గావు.

పెద్దపిల్లలలో మరొకటి. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రములలో ఎం.ఆర్. ప్రచారోద్యమము జరిగినప్పుడు తొమ్మిది నెలలు మొదలు పదిహేనేండ్ల లోపు పిల్లలకు బడులలోనే టీకా వేసినారు. వరుసలు నిలబెట్టుటకు మా విద్యార్థులతో కలిసి మేమును ఒక బాలికల పాఠశాలకు పోయినాము. ఎనిమిదవ తరగతి అమ్మాయి ఒకతె సూది తగిలీ తగలకముందే కూలిపోయినది. ఆమెను చూచి రెండవది, రెండవదానిని చూచి మూడవది. క్షణములలో "టీకా పడలేదట" అని గేటువరకు వార్త పోయినది, తల్లిదండ్రులు పరుగెత్తి వచ్చినారు. అక్కడి వైద్యుడు తొణకలేదు. అమ్మాయిల ముఖము తెల్లబోయి చల్లని చెమట పట్టినది, నాడి నెమ్మదిగా ఉన్నది, దద్దురు లేదు, పిల్లికూత లేదు, పరుండబెట్టిన రెండు నిమిషములకు లేచి మంచినీళ్ళు అడిగినారు. అది భయముతో వచ్చిన సొమ్మ. అనాఫిలాక్సిస్‌లో నాడి పరుగెత్తుతుంది, ఒళ్ళు దద్దురిస్తుంది, పెదవులు ఉబ్బుతవి, శ్వాసలో ఈల వినిపిస్తుంది, పరుండబెట్టినంతమాత్రాన తగ్గదు. ఈ తేడా ప్రతి ఉపాధ్యాయునికి తెలిసియుండుట, త్రికోణమితి తెలియుటకంటె తక్కువ అవసరము గాదని మా అభిప్రాయము.

నిజమైనది ఎంత అరుదు? అమెరికాలో 2009 నుండి 2011 వరకు ఇచ్చిన 2 కోట్ల 51 లక్షల పైచిలుకు టీకా మోతాదులను వెదకి చూస్తే, టీకా వలన వచ్చిన అనాఫిలాక్సిస్ కేసులు 33 తేలినవి. పది లక్షల మోతాదులకు ఒకటి కొద్దిగా పైన. ఆ 33 మందిలో ఎవ్వరూ చనిపోలేదు. ఈ లెక్కను మేము మొదటిసారి చదివినప్పుడు ఓదార్పు కలుగలేదని చెప్పవలెను. పది లక్షలలో ఆ ఒక్కడు మా ఒడిలోనివాడు. కాని అదే లెక్కలో మరొక వివరమున్నది. లక్షణములు మొదలైన సమయము నమోదైన 29 మందిలో అరగంట లోపల మొదలైనవారు 8 మందే. కొందరికి రెండు, మూడు గంటలకు వచ్చినది. అందుచేత అరగంట కూర్చొనుట అవసరమే గాని, ఇంటికి పోయిన తరువాత సాయంత్రమువరకు బిడ్డ ఒళ్ళు, ఊపిరి గమనించుట కూడా అంతే అవసరము. ఆ అరగంటను గౌరవించవలెనంటే కేంద్రము ముందర ఒక బెంచీ, నీడ, కుండెడు నీళ్ళు ఉండవలెను. దినకూలి పోగొట్టుకొని వచ్చిన తల్లిని ఎండలో నిలబెట్టి "అరగంట ఆగు" అనుట ఆచరణకు నిలిచే మాట గాదు.

మా వీధిలో, మా ఇంటికి నాలుగు ఇండ్ల అవతల, 2019లో ఒక ఆడపిల్ల పుట్టినది. ఆరు వారాలకు పెంటావాలెంట్ మొదటి మోతాదు వేయించిన రాత్రి 103 డిగ్రీల జ్వరము, మూడు గంటల ఏడుపు. మరునాటికి తగ్గినది. అయినా "ఈమెకు పడలేదు" అని ఇంటివారు తీర్మానించి, అన్ని టీకాలూ ఆపివేసినారు. దీనికి కొంత మా అబ్బాయి కథ కూడా సాక్ష్యముగా వాడుకొన్నారని తరువాత తెలిసినది. అయిదేండ్లు నిండగానే, 2022లో, మా అబ్బాయికి డి.పి.టి. రెండవ బూస్టరును ఆసుపత్రిలోనే వేయించినాము. అడ్రినలిన్ సిద్ధముగా పెట్టుకొని రెండు గంటలు కూర్చోబెట్టినారు. వానికి ఆకలి తప్ప మరేమీ కాలేదు. ఆ శీతకాలమునే ఆ పాపకు తట్టు, మేము ఖస్రా అంటాము, వచ్చినది. దానిమీద న్యుమోనియా. పదకొండు దినములు ఆక్సిజన్ గొట్టముతో పడియున్నది. పది లక్షలలో ఒకనికి వచ్చే అలర్జీ నిజముగా ఉన్న పిల్లవానికి వయస్సుకు తగిన టీకాలన్నీ పూర్తి అయినవి. ఏ అలర్జీ లేని పిల్ల ఆసుపత్రిలో ఉన్నది.

ఆ పాప కోలుకొని ఇంటికి వచ్చిన తరువాత ఆమె తల్లి ఒకనాడు మా ఇంటికి వచ్చి, "ఆపా, మీ బాబు కార్డు ఒకసారి చూపిస్తారా?" అని అడిగినది. మా అబ్బాయి కార్డు మీద ఆ పాత చీటీ వాక్యము బదులు ఎర్రసిరాతో వైద్యురాలు వ్రాసిన రెండు పంక్తులున్నవి: జెలటిన్ అలర్జీ, జెలటిన్ గల టీకాలు, గొట్టపుమాత్రలు, జెల్లీలు ఇవ్వరాదు, మిగిలిన టీకాలు ఇవ్వవచ్చును. ఆమె దానిని రెండుసార్లు చదివి, తన కూతురికి ఏమి వ్రాస్తారని అడిగినది. "జ్వరము వచ్చినది, తగ్గినది అని వ్రాస్తారమ్మా" అన్నాము. 2023లో మిగిలిన మోతాదులు ఒక్కొక్కటిగా మొదలుపెట్టించినది. మొదటి సూదినాడు మా అమ్మీ తన చాప తీసుకొని ఆమె వెంట పోయినది.